బేతంచెర్ల గవుల్లో తండ్రీకొడుకులు: రాబర్ట్ బ్రూస్ ఫుట్ జీవితం



ఒకసారి మీ వంటగదిలోకి వెళ్లి చూడండి. గట్టు మీద పరిచిన నల్లబండ చాలావరకు కడప బండే అయి ఉంటుంది. వరండాలోనో మెట్ల మీదో ఉన్న పాలిష్ బండ బేతంచెర్లదో, తాడిపత్రిదో అయి ఉంటుంది. కర్నూలు, కడప వాళ్లం మనకు ఈ రాళ్లు ఎంత అలవాటంటే, వాటిని చూడటమే మానేశాం. ఇల్లు కట్టుకునేటప్పుడు చదరపు అడుగు ఎంత అని బేరమాడతాం, అంతటితో సరి.

ఈ రాళ్లు చదవడమే జీవితంగా పెట్టుకున్న ఒక మనిషి 140 ఏళ్ల కిందట బేతంచెర్ల దగ్గరి గవుల్లో గుడారం వేశారు. ఆయన పేరు రాబర్ట్ బ్రూస్ ఫుట్. చరిత్ర చదివిన వాళ్లకు, ముఖ్యంగా గ్రూప్స్ పరీక్షలకు సిద్ధమయ్యే వాళ్లకు ఈ పేరు కొత్త కాదు. భారతదేశంలో పాత రాతియుగపు పనిముట్టును మొదట గుర్తించింది ఎవరు అనే ఒక మార్కు ప్రశ్నకు జవాబు ఆయనే. ఆ ఒక్క మార్కుకు అవతల ఆయన కథ చాలా ఉంది. అందులో పెద్ద భాగం మన జిల్లాల్లో జరిగింది. అందుకే ఈ నెల ఆయన గురించి.

ఫుట్ 1834లో ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో పుట్టారు. 24 ఏళ్ల వయసులో, 1858లో, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరి మద్రాసు వచ్చారు. ఆ సంస్థ పుట్టి అప్పటికి ఏడేళ్లే. కలకత్తాలో ఆఫీసు, అధిపతి థామస్ ఓల్డ్‌హామ్. కంపెనీ ప్రభుత్వానికి, ఆ తర్వాత రాణి ప్రభుత్వానికి కావలసింది బొగ్గు, ఇనుము, బంగారం. వాటి కోసమే ఈ కుర్రాళ్లను పంపారు. ఉద్యోగం అంటే కుర్చీ, బల్ల కాదు. వానలు తగ్గాక గుర్రం, ఎద్దుల బండ్లు, గుడారాలు వేసుకుని బయల్దేరడం, కొండ కొండా, వంక వంకా తిరిగి ఏ రాయి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పటం మీద గీయడం, ఎండలు ముదిరాక తిరిగొచ్చి రాసుకోవడం. ఫుట్ ఆ పని 33 ఏళ్లు చేశారు.

ఆయనతో పనిచేసిన వాళ్లలో విలియం కింగ్ అనే ఇంకో యువకుడు ఉన్నారు. కడప, కర్నూలు రాళ్ల మీద 1872లో వచ్చిన పెద్ద నివేదిక కింగ్ రాసిందే. ఆ పుస్తకంలో ఆయన చేసిన ఒక పని మన పిల్లలకు చెప్పదగ్గది. రాతి పొరలకు పేర్లు పెట్టాల్సి వచ్చినప్పుడు మన నదుల పేర్లు, ఊళ్ల పేర్లు పెట్టేశారు. పాపాఘ్ని, చెయ్యేరు, నల్లమల, బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం, కుందేరు. ఇవి ఆర్టీసీ బస్సు బోర్డుల మీది పేర్లు కావు, భూశాస్త్ర పుస్తకాల్లో పేర్లు. వాటిలో చాలా పేర్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. దేశంలో ఏ యూనివర్సిటీలో జియాలజీ చదివినా విద్యార్థి కడప శిలలు, కర్నూలు శిలలు అన్న పాఠం దాటి పోలేడు. కడప బేసిన్ అని పిలిచే ఆ ప్రాంతం 44,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. దాని అడుగు పొరల వయసు 180 కోట్ల ఏళ్లకు పైమాటే అని ఇప్పటి లెక్క. కింగ్‌కూ ఫుట్‌కూ ఆ అంకె తెలియదు, తెలుసుకునే సాధనం అప్పటికి లేదు. వాళ్లకు తెలిసిందల్లా ఏ పొర కింద, ఏ పొర పైన అన్నది. అది మాత్రం చాలా జాగ్రత్తగా రాసిపెట్టారు.

పల్లావరం రాయి

1863 మే 30. మద్రాసు పక్కన పల్లావరంలో సైన్యం కవాతు మైదానం దగ్గర ఎర్ర గరుసు తవ్విన గుంత ఒకటి ఉంది. అందులో ఫుట్ కంటికి ఒక రాయి కనబడింది. వెడల్పుగా, ఒక కొస మొనదేలి, అరచేతిలో ఇమిడే రాయి. ఎవరైనా దాటిపోయేదే. ఆయన దాటిపోలేదు.

ఎందుకు ఆగారో తెలియాలంటే ఒక చిన్న సంగతి తెలియాలి. ఒక రాయిని ఇంకో రాయితో సరైన చోట, సరైన కోణంలో కొడితే పెచ్చు లేస్తుంది. లేచిన చోట గిన్నెలాంటి పల్లం మిగులుతుంది. ఏటిలో దొర్లిన రాయికీ ఒకటి రెండు పెచ్చులు లేస్తాయి, కానీ ఎక్కడపడితే అక్కడ. మనిషి కొట్టిన రాయికి పెచ్చులు వరుసగా, రెండు వైపులా, అంచు పదునయ్యేలా లేస్తాయి. అలాంటి రాళ్లు ఫ్రాన్సులో అంతరించిన జంతువుల ఎముకలతో కలిసి దొరికాయని, అవి నిజంగానే మనిషి చేసినవని ఇంగ్లండు పండితులు ఒప్పుకుని అప్పటికి నాలుగేళ్లే అయింది. అదే 1859లో డార్విన్ పుస్తకం కూడా వచ్చింది. మనిషి ఈ భూమి మీద ఎంత కాలంగా ఉన్నాడన్నది ఆనాటి అతి పెద్ద తగువు. ఆ తగువు చదువుతూ ఉన్న 28 ఏళ్ల యువకుడికి పల్లావరం గుంతలో ఆ రాయి దొరికింది. చదువు కంటికి చూపునిస్తుందని మనం ఊరికే అంటాం కానీ, ఇక్కడ అది అక్షరాలా జరిగింది.

ఒక్క రాయి మీద ఎవరూ నమ్మరు. ఆ సంగతి ఫుట్‌కు అందరికంటే బాగా తెలుసు. అదే ఏడాది సెప్టెంబరులో ఆయన, కింగ్ కలిసి తిరువళ్లూరు వైపు అత్తిరంపాక్కం అనే ఊరి దగ్గర వంకల్లో వెతికితే అలాంటివే ఇంకా అనేకం దొరికాయి. అన్నీ క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయితో చేసినవి. మనకు ఆసక్తి కలిగించే విషయం ఏమిటంటే, ఆ తావుల్లో కనిపించే క్వార్ట్‌జైట్ గులకరాళ్ల పుట్టిల్లు నగరి కొండల వైపు ఉన్న కడప శిలలే. కొండల నుంచి కొట్టుకొచ్చిన రాయిని ఆ కాలపు మనిషి ఏరుకుని పనిముట్టు చేసుకున్నాడు. అత్తిరంపాక్కం పనిముట్లలో అన్నిటికన్నా పాతవి సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో శాంతి పప్పు బృందం తేల్చింది. ఫుట్ అయితే ఊహించి ఉండరు.

ఇక్కడ ఒక చిన్న తెలుగు ముడి ఉంది. ఫుట్ పెళ్లాడింది పీటర్ పెర్సివల్ అనే క్రైస్తవ పండితుడి కూతుర్ని. ఆ మామగారు తమిళ సామెతలు పోగుచేశారు, 1862లో తెలుగు ఇంగ్లిషు నిఘంటువు కూడా అచ్చు వేయించారు. మామ మాటలు ఏరారు, అల్లుడు రాళ్లు ఏరారు.

మరచిపోయిన గవులు

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 1844లో న్యూబోల్డ్ అనే మద్రాసు సైనికాధికారి బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గవుల్లో పాత ఎముకలు చూశానని బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో రాశారు. బిలస్వర్గం అని కూడా మనవాళ్లు పిలిచే గవులవే. రాశారు, చదివారు, మరచిపోయారు. న్యూబోల్డ్ 1850లోనే పోయారు. దాదాపు 40 ఏళ్లు ఆ గవుల ఊసెత్తిన పండితుడు లేడు.

మళ్లీ ఎత్తింది లండన్‌లో ఉన్న థామస్ హక్స్‌లీ. డార్విన్ సిద్ధాంతాన్ని సభల్లో వాదించి నిలబెట్టిన శాస్త్రవేత్త ఆయన. యూరప్ గుహల్లో ఆదిమానవుడి జాడలు వరసగా బయటపడుతున్నాయి, వేడి దేశాల గుహల్లో ఏముంది అన్నది ఆయన ప్రశ్న. కొద్ది ఏళ్ల ముందే బోర్నియో గుహలు తవ్వి చూశారు కానీ ఆశించినంత ఫలితం రాలేదు. మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు హక్స్‌లీ ఈ కర్నూలు గవుల సంగతి సూచించడం, గవర్నరు సర్వేను కదిలించడం, ఆ పని ఫుట్ మీద పడటం జరిగాయి. 1883, 84 సంవత్సరాల మాట ఇది. ఫుట్‌కు అప్పటికి యాభై ఏళ్లు వస్తున్నాయి.

ఆ కాలం ఎలాంటిదో గుర్తుంచుకోవాలి. 1876 నుంచి 78 దాకా సాగిన ధాత కరువు మన జిల్లాలను ఊడ్చిపెట్టి ఐదారేళ్లే. పల్లెలు ఇంకా తేరుకోలేదు. అలాంటి చోటికి ఒక దొర గుడారాలతో వచ్చి, నీళ్ల బావి కోసం కాదు, నిధి కోసం కాదు, గవిలో మట్టి కింద ఎముకల కోసం తవ్వుతానంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఏమనుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. పలుగూ పారా పట్టి ఆ మట్టినంతా మోసిన మనుషుల పేర్లు కూడా పుస్తకాలకు ఎక్కలేదు. నాకైతే ఈ కథలో అన్నిటికన్నా పెద్ద లోటు అదే.

బిల్లసర్గం చూసిన వాళ్లకు తెలుసు. అది నేలలో ఒక బొక్క కాదు. సున్నపురాయి కప్పు ఎప్పుడో కూలిపోయి లోతైన లోయలా అయింది. ఆ లోయ గోడల్లో గవులు తెరుచుకుని ఉంటాయి. వాన నీరు రాతి చీలికల్లో దిగుతూ, సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ పోవడం వల్ల ఏర్పడినవి. బెలూం గుహలైనా, యాగంటి గవులైనా పుట్టిన తీరు అదే. కరిగిన సున్నంలో కొంత మళ్లీ గట్టిపడి ఎముకను పట్టి ఉంచుతుంది. బయట పొలంలో పడ్డ ఎముక నాలుగు వానలకు పోతుంది, గవిలో పడ్డది వేల ఏళ్లు నిలుస్తుంది.

ఫుట్ ఆ గవులకు తన దేశపు పేర్లు పెట్టుకున్నారు. ఎత్తయిన కప్పుతో పెద్ద చర్చిలా ఉన్న దానికి కాథెడ్రల్ అని, ఇంకోదానికి పర్గెటరీ అని, ఎముకలు కుప్పలుగా ఉన్న దానికి చార్నెల్ హౌస్ అని. చార్నెల్ హౌస్ అంటే మనం ఎముకల కొట్టు అనుకోవచ్చు. ఇప్పటికీ శాస్త్రవేత్తలు ఆ పేర్లే వాడుతున్నారు.

ఫుట్‌కు సర్వే పనులు వేరే ఉన్నాయి. గవి దగ్గర నెలల తరబడి కూర్చునే వీలు లేదు. అందుకని తవ్వకం చాలావరకు ఆయన కొడుకు హెన్రీ నడిపించాడు. హెన్రీ రాయల్ ఆర్టిలరీలో లెఫ్టినెంట్. ఫిరంగుల చదువు చదివిన కుర్రాడు, పొరలు పొరలుగా మట్టి తీయించి, ఏది ఏ గవిలో, ఏ పొరలో దొరికిందో రాసుకుంటూ పోయాడు. తండ్రి వాటిని పరిశీలించి సర్వే పత్రికలో 1884లో, 1885లో నివేదికలు అచ్చు వేశారు. తొలి నివేదిక తర్వాత వచ్చిన వాటికి పెట్టిన పేర్లలోనే ఇది హెన్రీ ఫుట్ చేసిన పని అని ఉంటుంది. రాసింది తండ్రి, ఉద్యోగం తండ్రిది, పేరున్నది తండ్రికి. అయినా చేసిన వాడి పేరు శీర్షికలో పెట్టారు.

సైన్స్ ఫెయిర్ రోజుల్లో మన ఇళ్లలో దీనికి తలకిందులుగా జరుగుతుందన్నది మనందరికీ తెలిసిన రహస్యమే. స్టేషనరీ షాపులో కొన్న మోడల్ ఒకటి, అమ్మ రాత్రంతా అతికించిన చార్టు ఒకటి, పేరు మాత్రం పాపది. నవ్వుకోవడానికి చెబుతున్నాను, నిందించడానికి కాదు.

కర్నూలు ఖడ్గమృగం

ఎముకలు కలకత్తా దారి పట్టాయి. వాటిని పరీక్షించింది రిచర్డ్ లిడెక్కర్. ఎముక ముక్క, పన్ను చూసి జంతువును చెప్పగల నిపుణుడు. 1886లో ఆయన ఫలితాలు అచ్చయ్యాయి. బేతంచెర్ల గవుల్లో ఖడ్గమృగం ఉంది. దానికి ఆయన పెట్టిన శాస్త్రీయ నామం రైనోసెరస్ కర్నూలియెన్సిస్. ఒక అడవిపందికి, ఒక పునుగుపిల్లి జాతికి కూడా కర్నూలు పేరే పెట్టారు. అవి కాక దుమ్ములగొండి, అడవిగాడిద, అలుగు, కోతుల జాతులు, ముళ్లపంది, జింకలు. వీటిలో కొన్ని ఆఫ్రికా జంతువులకు దగ్గరవని లిడెక్కర్ అభిప్రాయం. కొన్నింటి గుర్తింపును తర్వాతి వాళ్లు తిరిగి ప్రశ్నించారు, అది వేరే చర్చ.

ఒక్క నిమిషం ఆ ఖడ్గమృగం దగ్గర ఆగుదాం. ఖడ్గమృగానికి పచ్చిక కావాలి, నీళ్లు కావాలి, పొర్లడానికి బురద కావాలి. ఇప్పుడు మనం చూసే బేతంచెర్లలో రాతి క్వారీలు, ముళ్లపొదలు, మే నెలలో ట్యాంకరు నీళ్లు. ఒక పన్ను, రెండు ఎముకలు చూసి ఒక ప్రాంతపు పాత వాతావరణం గురించి మాట్లాడవచ్చన్నది ఈ తవ్వకం మన జిల్లాకు చూపించిన మొదటి సంగతి. రాయలసీమ ఎప్పుడూ ఇంతే అనుకోవడం మనకు అలవాటు. ఎప్పుడూ ఇంతే కాదు.

పేచీ వచ్చింది ఇంకోచోట. ఎముకల్లో కొన్ని ముక్కలు ఊరికే విరిగినవి కావని, మనిషి కోసి, గీసి, మొనదేల్చి పనిముట్లుగా చేసినవని ఫుట్ ప్రకటించారు. ఫ్రాన్సులోని గుహల్లో మంచుయుగం చివరి మనుషులు అలాంటి ఎముక పనిముట్లు చేశారు. కర్నూలు గవుల్లోనూ అలాంటి మనుషులు బతికారన్నది ఆయన మాట. అది చిన్న మాట కాదు. నిజమైతే మన దేశపు రాతియుగ చరిత్రలో అప్పటిదాకా లేని ఒక అధ్యాయం తెరుచుకుంటుంది.

అయితే ఎముకను విరిచేది మనిషి ఒక్కడే కాదు. దుమ్ములగొండి కొరుకుతుంది. ముళ్లపంది గవిలోకి ఎముకలు ఈడ్చుకొచ్చి పళ్లు అరగదీసుకుంటుంది. కప్పు నుంచి రాయి పడితే మొనదేలిన ముక్కలు అవుతాయి. ఫుట్ చెప్పింది సరా కాదా తేల్చాలంటే ఆ ముక్కలనే మళ్లీ చేతిలోకి తీసుకుని చూడాలి. చూద్దామంటే అవి లేవు. తర్వాతి పరిశోధకులు వెతికితే ఆ సేకరణ దొరకలేదు.

ఒక పరిశోధకుడికి ఇంతకన్నా కష్టమైన పరిస్థితి ఉండదు. చెప్పిన మాట మిగిలింది, చూపించడానికి వస్తువు లేదు. తర్వాతి తరం పండితులు మర్యాదగానే సందేహించారు. రాతి పనిముట్ల విషయంలో ఫుట్ మాటకు తిరుగులేదు, ఎముకల దగ్గర మాత్రం ఆయన పొరబడి ఉండొచ్చు అన్న అభిప్రాయం దశాబ్దాల పాటు నడిచింది. 1920ల్లో, 30ల్లో కమియేడ్ అనే అధికారి నల్లమల, కర్నూలు ప్రాంతాల్లో రాతి పనిముట్లు విరివిగా సేకరించి, బర్కిట్ అనే కేంబ్రిడ్జి పండితుడితో కలిసి 1930లో పెద్ద వ్యాసం రాశారు. రాతియుగంలో మన నేల ఖాళీగా లేదని దాంతో స్థిరపడింది. ఎముకల సందేహం మాత్రం తీరలేదు.

బూడిద దిబ్బలు, ఏర్కాడు ఇల్లు

ఫుట్ ఆ సందేహాలు వినడానికి ఎక్కువ కాలం ఉండలేదు, ఉన్న కాలంలో ఆగి కూర్చోనూ లేదు. బళ్లారి, ధార్వాడ ప్రాంతాల్లో బంగారం, ఇనుము ఉండే పాత శిలలను గుర్తించి వాటికి ధార్వార్ అని పేరు పెట్టింది ఆయనే. కోలారు, హట్టి బంగారం గురించి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ ఆ పేరు తలవక తప్పదు.

బళ్లారి వైపు పల్లెల్లో బూడిద దిబ్బలు ఉంటాయి. హంపి దగ్గరి ఒక దిబ్బను వాలిని దహనం చేసిన చోటు అని ఊరివాళ్లు చూపిస్తారు. అగ్నిపర్వతపు బూడిదేమో అన్నవాళ్లూ ఉన్నారు. ఫుట్ వాటిని కొత్త రాతియుగపు పశువుల కాపరులతో ముడిపెట్టారు. దొడ్లలో పోగైన పేడ కాలగా మిగిలిన బూడిద అన్న దారిలో ఆలోచించారు. 1950ల్లో ఆల్చిన్ పాలమూరు వైపు ఉట్నూరులో తవ్వి, గిట్టల ముద్రలతో సహా ఆ సంగతి నిలబెట్టారు.

అన్నీ సరిగ్గా చెప్పారని కాదు. పాత రాతియుగానికి, కొత్త రాతియుగానికి మధ్య మన దేశంలో పెద్ద ఖాళీ ఉందని, మొదటివాళ్లకు రెండోవాళ్లతో సంబంధం లేదని ఆయన నమ్మారు. ఆ ఖాళీని తర్వాత దొరికిన చిన్న చిన్న రాతి పనిముట్ల సంస్కృతులు పూడ్చేశాయి.

1891లో సర్వే నుంచి రిటైరయ్యాక కూడా బరోడా సంస్థానానికి, ఆ తర్వాత మైసూరు సంస్థానానికి భూశాస్త్ర పని చేశారు. సేలం దగ్గర ఏర్కాడు కొండ మీద ఇల్లు కట్టుకుని, జీవితమంతా పోగుచేసిన రాళ్లు, కుండపెంకులు వరుసపెట్టుకున్నారు. నాలుగు వందలకు పైగా తావుల నుంచి తెచ్చినవి. 1904లో ఆ సేకరణ మద్రాసు మ్యూజియానికి చేరింది. ప్రతి వస్తువూ ఎక్కడిది, ఎలాంటిది అని ఒక జాబితా, వాటి మీద తన ఆలోచనలు ఇంకో సంపుటం రాస్తూ ఉండగానే వయసు మీదపడింది. 1912 డిసెంబరు 29న, 78 ఏళ్ల వయసులో, కలకత్తాలో కన్నుమూశారు. పుస్తకాలు రెండూ ఆయన పోయాకే, 1914లో ఒకటి, 1916లో ఒకటి వెలువడ్డాయి. ఏర్కాడు చర్చిలో ఆయన స్మారకం ఉంది.

తొంభై ఏళ్ల తర్వాత

ఎముకల పేచీ తేలింది 1970ల్లో. డెక్కన్ కాలేజీలో పరిశోధన చేసిన ఎం.ఎల్.కె. మూర్తి బేతంచెర్ల ప్రాంతంలోనే ముచ్చట్ల చింతమాను గవి అనే గవిలో తవ్వారు. పేరు చూడండి, ఈసారి చర్చి పేరు కాదు, మన చింతమాను పేరే. అక్కడ దొరికిన పనిముట్లలో పదింట తొమ్మిది వంతులు ఎముకవి. గీకేవి, పొడిచేవి, చెక్కేవి. నిప్పు రాజేసిన పొయ్యి జాడ ఒకటి దొరికితే, కాలిన మట్టిని పరీక్షించి సుమారు 17,000 ఏళ్ల నాటిదని లెక్కకట్టారు. అదే దశకంలో కె. తిమ్మారెడ్డి నేరుగా బిల్లసర్గంలోనే తిరిగి తవ్వి, అక్కడా పాత రాతియుగపు చివరి దశ మనుషుల జాడ చూపించారు. ఎముక ముక్కల్లో ఏది పనిముట్టు, ఏది కాదు అని ఇప్పటికీ వాదించుకునే వాళ్లు ఉన్నారు. కానీ కర్నూలు గవుల్లో ఆ కాలపు మనుషులు బతికారన్న ఫుట్ మూలమైన మాట నిలిచింది.

వీళ్లు ఎలా తిరిగి రాగలిగారు? ఎముకలు పోయినా ఏ గవి, ఏ పొర అన్న రాత పోలేదు కాబట్టి. ఫుట్ తవ్వకం ఇప్పటి కొలతతో చూస్తే మోటుదే. పలుగులతో గబగబా దించేశారు, ఈ రోజు ఒక విద్యార్థి అలా తవ్వితే గైడు ఒప్పుకోడు. అయినా ఎక్కడ చూశారో ఎవరైనా వెళ్లి సరిచూసుకునేలా రాశారు. తన మాటను తప్పని తేల్చే దారి కూడా తానే రాసిపెట్టారు.

బిల్లసర్గానికి ఆ తర్వాత కూడా పరిశోధకులు వస్తూనే ఉన్నారు. అమెరికా సైన్స్ అకాడమీ పత్రికలో 2014లో వచ్చిన ఒక అధ్యయనం ఈ గవుల ఎముకలను పొరలవారీగా, వయసుల లెక్కతో మళ్లీ పరిశీలించింది. గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 రకాలు కనీసం లక్ష ఏళ్లుగా, కొన్నయితే రెండు లక్షల ఏళ్లుగా మన ఉపఖండంలో కొనసాగుతూ వచ్చాయని తేలింది. యూరప్, అమెరికాల్లో మంచుయుగం చివర పెద్ద జంతువులు కుప్పలుగా అంతరించిపోయాయి. మన దగ్గర అలా జరగలేదని లోకానికి చెప్పిన సాక్ష్యం బేతంచెర్ల గవి మట్టిలోంచి వచ్చింది.

బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో 74,000 ఏళ్ల కిందట ఇండోనేషియాలో పేలిన టోబా అగ్నిపర్వతపు బూడిద మందంగా పేరుకుని ఉంది. పాత్రలు తోమే పౌడరుకని అమ్మడానికి ఆ బూడిదను ఊరివాళ్లు తవ్వుకునేవారు. 2007లో పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ బృందం ఆ బూడిద కింద, పైన కూడా రాతి పనిముట్లు ఉన్నాయని చూపించింది. అంత పెద్ద విపత్తు తర్వాత కూడా ఇక్కడ మనుషులు మిగిలారా అన్న చర్చ అక్కడి నుంచి ప్రపంచమంతా నడుస్తోంది.

2022 ఏప్రిల్ నుంచి బేతంచెర్ల, బనగానపల్లె నంద్యాల జిల్లాలో ఉన్నాయి. బెలూం గుహలు కూడా అక్కడే, కొలిమిగుండ్ల మండలంలో. 2002లో సందర్శకులకు తెరిచారు కాబట్టి మీలో చాలామంది పిల్లలతో చూసే ఉంటారు. బిల్లసర్గం అలా లైట్లు, టికెట్లు ఉన్న చోటు కాదు. బేతంచెర్లకు కొద్ది కిలోమీటర్ల దూరం. వెళ్తే చలికాలంలో వెళ్లండి, ఊరివాళ్లను ఎవరినైనా తోడు తీసుకోండి, నీళ్లు పట్టుకెళ్లండి. గవి నేల మీద ఎముక ముక్కగానీ, పెచ్చులు లేచిన రాయిగానీ కనబడితే పిల్లలను ఫోటో తీసుకోనివ్వండి, ఏ గవిలో ఏ మూల చూశారో నోటుబుక్కులో రాయించండి. రాయి మాత్రం అక్కడే ఉండాలి.